తడి ఆరకముందే

డాక్టరవ్వ పోయింది. పోయిన గురువారం పొద్దున పాలు తేవడానికి వెళ్లిన మా అత్త ఖాళీ గిన్నెతో తిరిగొచ్చి, గడపలోనే కూలబడి, "మన అవ్వ పోయినాదంట మా. నిద్దర్లోనే" అంది. పాలేవని ఎవరం అడగలేదు. నా కూతురు మీనా పళ్లు తోముకుంటూ వచ్చి, ఆ మాట విని, నోట్లో నురుగుతోనే నిలబడిపోయింది.

అత్త 'మన' అవ్వ అంది గానీ ఆమె మాకు చుట్టమేమీ కాదు. పుదుచ్చేరిలో, రెడ్డియార్‌పాళయంలోని మా వీధి చివర, తన ఇంటి ముందు గదిలోనే నలభై ఏళ్లకు పైగా పిల్లలకు వైద్యం చేసిన డాక్టరు. జుట్టు నల్లగా ఉన్నన్నాళ్లూ డాక్టరమ్మ, నెరిశాక డాక్టరవ్వ. నేను నెల్లూరు నుంచి కొత్తగా వచ్చిన కోడల్ని. మొదటిసారి ఆ గదిలో అడుగుపెట్టి మర్యాదగా "డాక్టర్ గారూ" అన్నాను. ఆమె కళ్లద్దాల పైనుంచి చూసి, "గారు ఏంది? యాడో కలెక్టరాఫీసులో కూర్చోనుండేవాళ్లకు పెట్టుకో ఆ గారు. నేను నీకు అవ్వను" అంది. ఆ రోజు నుంచి నాకూ అవ్వే.

ఆమెను తలుచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది. తర్వాత సిగ్గేస్తుంది. ఏడుపు ఆ తర్వాతే. దానికి కారణం ఒక మాట. అది చెప్పాలంటే మా వంటింటి నుంచి మొదలుపెట్టాలి.

కాపురానికి వచ్చిన కొత్తలో నాకు తెలిసిన తమిళం ఉప్పు, పప్పు, రేటెంత, అంతే. మా అత్తవారిది తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ అందులో మూడో వంతు తమిళం. ఒకరోజు వంటింట్లో బొద్దింకను చూసి కేక పెట్టాను. అత్త పరుగున వచ్చి, "ఓస్, కరప్పానా! నేను ఏందో అనుకుంటి" అని చెప్పుతో ఒక్కటిచ్చింది. అలా నేర్చుకున్నాను, కరప్పాన్ అంటే బొద్దింక అని. బాగానే నేర్చుకున్నాను. సగమే నేర్చుకున్నానని తర్వాత తెలిసింది.

మీనాకు ఐదో నెలలో రెండు బుగ్గలూ గరుకెక్కాయి. మొదట చలిగాలి అనుకున్నాను. తర్వాత సన్నని పొక్కుల్లా లేచి పొట్టు రాలసాగింది. పిల్ల ఎత్తుకున్నవాళ్ల భుజానికి మొహం వేసి రుద్దేది. అత్త దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసి, "కరప్పాన్ మా ఇది. బిడ్డలకు వస్తాది" అని తేల్చేసింది.

నాకు ఒళ్లు జలదరించింది. పాల వాసనకు బొద్దింకలు వచ్చి నా బిడ్డ మొహం మీద పాకుతున్నాయన్నమాట! ఇంత మాట ఇంత తేలిగ్గా ఎలా అంటుందీ మనిషి? ఆ సాయంత్రమే కొంగు బిగించాను. పొయ్యి కింద, అలమార వెనక, ఉయ్యాల చుట్టూ మందు కొట్టాను. రోజుకు రెండుసార్లు ఫినాయిలుతో నేల తుడిచాను. ఉయ్యాల గుడ్డలు కూడా ఫినాయిలు నీళ్లలోనే నానబెట్టాను. పాకిన మొహం కదా అని, పిల్లకు రోజుకు మూడుసార్లు ఘాటు సబ్బుతో మొహం కడిగాను. నా శుభ్రత చూసి అత్త వీధంతా మురిసిపోతూ చెప్పుకుంది. నేను ఎవరితో యుద్ధం చేస్తున్నానో ఆమెకు తెలియదు. ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు.

పది రోజులయ్యేసరికి బుగ్గలు పగిలి నీరు కారసాగాయి. నెల్లూరు నుంచి అమ్మ ఫోన్లో, "గజ్జేమోనే, అంటుకుంటుంది, జాగర్త" అంది. పక్కింటామె తామర అని, తన పిల్లల్ని మీనా దగ్గరికి రానివ్వడం మానేసింది. నాకు రెండే ప్రశ్నలు. ఇది అంటుకునేదా? ఇది నావల్ల వచ్చిందా? ఆ రెండూ గొంతులో పెట్టుకుని, అత్తతో కలిసి అవ్వ గదికి వెళ్లాను.

ఆమె బుగ్గల్ని చూడలేదు ముందు. నా భుజాన్ని చూసింది. అక్కడ జాకెట్టు గుడ్డ బిడ్డ రుద్ది రుద్ది నూలు లేచి ఉంది. "ఈడే రుద్దుకుంటాదా? నిద్దర పోతాదా, మధ్యలో లేస్తా ఉండాదా?" అని అడిగింది. లేస్తుందన్నాను. "అంటే నవ ఉండాది. నవ లేకుంటే నేను వేరే పేరు వెతుక్కోవాల" అంది. తర్వాత బిడ్డ బట్టలన్నీ విప్పించింది. తన చేతిని తిప్పి, వేళ్ల వెనక వైపుతో మెల్లగా నుదురు, బుగ్గలు, మోచేతులు, కాళ్లు తడుముతూ పోయింది. నా ముఖంలో ప్రశ్న చూసి చెప్పింది: "మేము చదివిన పుస్తకాల్లో ఎర్రగా ఉంటాదని రాసినారు. తెల్లోళ్ల బిడ్డలను చూసి రాసిన రాత అది. మన బిడ్డల మీద ఎరుపు యాడ కనపడతాది? బూడిద రంగుగానో, ఇంకొంచెం నల్లగానో తెలుస్తాది, అంతే. కన్ను మోసపోతాది మా. చెయ్యి మోసపోదు."

నా చేతిని కూడా తిప్పించి తాకించింది. బుగ్గ మీద గరుకు, ముక్కు మీద నునుపు. లంగోటీ కట్టే చోట పట్టులా మెత్తన. "చూసినావా? తడి నిలిచే చోటుకు ఇది రాలే" అంది. పిల్ల వేళ్ల సందులు, అరచేతులు, అరికాళ్లు ఒక్కొక్కటీ విప్పి చూసింది. "ఇంట్లో ఇంకెవురన్నా గీరుకుంటా ఉండారా?" అంది. లేదన్నాం. "గజ్జి అయితే ఇంటిల్లిపాదీ గీరుకుంటా ఉంటారు. తామరైతే గుండ్రంగా అంచు కట్టి, నడిమధ్య మానిపోతా ఉంటాది, ఒక పక్కనే ఉన్నా ఉంటాది. ఇది చూడు, రెండు బుగ్గలకూ ఒకే మాదిరి." ఆపైన మా అత్త వైపు తిరిగి, "మీ ఇంట్లో పొద్దున్నే తుమ్మేది ఎవరు?" అని అడిగింది.

మా ఆయన తుమ్ములు వీధి చివరికి వినపడతాయి. ఆయన తట్టాంచావడిలో ఒక వర్క్‌షాపులో పని చేస్తారు. పొద్దున లేవగానే పది తుమ్ములు లెక్క. అత్త కొంచెం రోషంగా, "వాడికి చిన్నప్పుడు ఆయాసం కూడా ఉండె" అంది. అవ్వ తల ఊపింది. "సరి. ఇది ఎగ్జిమా. నాన్న ఇంటి సొత్తు" అంది.

రక్తపరీక్ష రాయమని అడిగాను. పరీక్ష లేకపోతే జబ్బు మీద నాకు నమ్మకం కుదరదు. "చర్మమే నోరు తెరిచి చెప్తా ఉంటే రక్తాన్ని పిలిచి అడగాల్నా?" అంది. ఆ తర్వాతే అసలు ప్రశ్న వేసింది. "ఇంట్లో ఏమేం చేసినావు?"

"మందు కొట్టాను."

"దేనికి?"

"కరప్పాన్‌కే."

"కరప్పాన్‌కు మందు కొట్టినావా? యాడ కొట్టినావు?"

"పొయ్యి కింద, అలమార వెనక, ఉయ్యాల చుట్టూ..."

ఆమె పెన్ను కింద పెట్టేసింది. మా అత్తను చూసింది. మా అత్త నన్ను చూసింది. "అయ్యో నా తల్లీ! బొద్దింక అనుకుంటివా!" అని అత్త నోరు నొక్కుకుంది. తమిళంలో బొద్దింకకూ, చంటిపిల్లల చర్మానికి వచ్చే ఈ జబ్బుకూ మాట ఒక్కటేనని నాకు అప్పుడు తెలిసింది. అవ్వ కళ్లద్దాలు తీసి కొంగుతో కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. బయట కూర్చున్న తల్లులు తొంగిచూశారు. నేను మాత్రం ఏడుపు ఆపుకోలేకపోయాను. నవ్వు చప్పున ఆగిపోయింది.

"నవ్వినానని మనసులో పెట్టుకోవద్దు" అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత గరుకుగా ఉందో ఇప్పటికీ గుర్తు.

"నావల్లే వచ్చిందా అవ్వా?"

"వచ్చింది నీవల్ల కాదు. ఎక్కువైంది కొంచెం నీవల్ల. ఆ ఘాటు, ఆ సబ్బు పసిచర్మం ఎట్ల తట్టుకుంటాది? తగ్గేది కూడా నీవల్లే. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు ఇది. పోయి అందరికీ చెప్పు."

ఎంతోమంది నాకు ధైర్యం చెప్పారు జీవితంలో. తప్పులో నా వాటా ఎంతో నిజాయితీగా కొలిచి చెప్పి, మిగతాది నా భుజం మీంచి దించినది ఆమె ఒక్కతే.

మంట చల్లారడానికి నాలుగు రోజులకు ఒక పూత మందు రాసింది. మిగతాదంతా నీళ్లూ, పూతా. గోరువెచ్చని నీళ్లు, కాసేపే స్నానం, ఘాటు సబ్బు వద్దు, తువ్వాలుతో రుద్దకుండా అద్దడం. అద్దిన వెంటనే ఒంటికంతా మందు లేని జిడ్డు పూత. "ఎప్పుడు పూయాల?" అని పాఠం అప్పగించినట్టు అడిగేది ప్రతిసారీ. "తడి ఆరకముందే" అనాలి మనం. ఆలస్యంగా చెబితే మళ్లీ అడిగేది. తడి మీద పూస్తే తడి లోపల నిలుస్తుందని, ఆరిపోయాక పూస్తే గోడకు సున్నం కొట్టినట్టేనని ఆమె వివరణ. పసుపుపచ్చ పక్కు కట్టినా, జ్వరం తోడైనా, నీటిపొక్కులు గుంపుగా లేచినా మాత్రం పూతలతో కూర్చోకుండా ఆ పూటే పరుగెత్తుకు రమ్మంది.

బుగ్గలు నెలలో నునుపయ్యాయి. ఆ ఆనందంలో నేను ఆమెకు ఒక కానుక ఇచ్చాను. ఆమె చెప్పినవన్నీ అట్ట మీద పెద్ద అక్షరాలతో తెలుగులో అందంగా రాసి తీసుకెళ్లాను. పైన 'తడి ఆరకముందే' అని శీర్షిక. ఆమె తిప్పి చూసి, "బాగుండాది. కానీ చదివేదెవురు?" అంది. నిజమే. ఈ ఊళ్లో పుట్టిన తెలుగువాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. ఆమెకూ రాదు! అయినా గోడకు తగిలించింది. నా చేత రెండుసార్లు చదివించుకుని, వాక్యం పొల్లుపోకుండా కంఠస్థం చేసింది. తెలుగు తల్లులు వస్తే ఆ అట్ట ముందు నిలబడి, వేలితో వరసలు చూపిస్తూ గడగడా చదివేది. వేలు ఒక వరస మీద, మాట ఇంకో వరసలో. నేను అక్కడుంటే నన్ను చూసి కన్ను గీటేది.

ఆమెకు కోపం రాగా ఒక్కసారే చూశాను. మీనాకు మూడేళ్లప్పుడు జబ్బు చోటు మార్చి మోచేతి మడతల్లోకి, మోకాళ్ల వెనక్కి వచ్చింది. వయసుతో అలా మారుతుందని అవ్వ ముందే చెప్పింది. నేను మాత్రం వీధి మాట విన్నాను. వంకాయ తింటే కరప్పాన్, గుడ్డు తింటే కరప్పాన్, చేప తింటే కరప్పాన్, పాలు కూడా అనుమానమే. ఒక్కొక్కటే మానిపించి, చివరికి పిల్లకు అన్నం, చారు మిగిల్చాను. అవ్వ మీనాను బరువు చూసే బల్ల మీద నిలబెట్టి, ముల్లు చూసి, నా వైపు తిరిగింది.

"గుడ్డు తిన్న వెంటనే మొగం వాచినాదా? కక్కుకునిందా?"

"లేదవ్వా."

"మరి ఎందుకు నిలిపినావు? చర్మానికి భయపడి కడుపు మాడ్చినావే! బిడ్డ ఎదగలే, కనపడలేదా నీకు?"

ఆ రోజు నేను ఏడవలేదు. తిట్టు న్యాయమైనది. ఇంటికెళ్లి గుడ్డు ఉడకబెట్టాను. మీనా ఆ గుడ్డు తిన్న తీరు చూసి అప్పుడు ఏడ్చాను.

అవ్వ తన తప్పునూ దాచుకునేది కాదు. కొత్తలో ఒక పిల్లవాడి గజ్జిని ఎగ్జిమా అనుకుని పంపేసిందట. నెల తిరిగేసరికి ఇంట్లో ఏడుగురూ గీరుకుంటూ వచ్చి నిలబడ్డారట. "అప్పటి నుంచి వేళ్ల సందులు చూడకుండా నేను దేనికీ పేరు పెట్టను" అనేది. కొత్తగా డాక్టరు చదువు ముగించి ఆమె దగ్గరికి వచ్చిన పిల్లలకు కూడా ముందు ఈ కథే చెప్పేదని విన్నాను.

ఎల్‌కేజీలో చేర్చాక వచ్చింది అసలు కష్టం. మీనా మోచేతులు చూసి బడిలో టీచరు దాన్ని వెనక బెంచీలో విడిగా కూర్చోబెట్టింది. చేతులు పట్టుకుని ఆడే ఆటల్లో దాన్ని పక్కన నిలబెట్టేవారు. తగ్గాకే పంపండి అని చివరికి కబురొచ్చింది. ఇది తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. తగ్గాకే అంటే ఎప్పటికని? మీనా ఇంట్లో బొమ్మల్ని కూడా దూరం దూరంగా కూర్చోబెట్టడం చూసి నాకు నిద్ర పట్టలేదు. అంటుకోదని అవ్వ ఇంగ్లీషులో ఉత్తరం రాసిచ్చింది. టీచరు చదివి, "సరే, కానీ మిగతా తల్లులు ఒప్పుకోవాలి గదా" అంది.

మర్నాడు మీనాను బడికి పంపమని అవ్వ నాతో చెప్పి, మధ్యాహ్నం భోజనాల వేళకు తనే ఆటో ఎక్కి అక్కడికి వచ్చింది. గుమ్మంలో నాతోపాటు పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లులు కొందరున్నారు. ఆమె ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ బుల్లి బెంచీ మీద మీనా పక్కన ఇరుక్కుని కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, "డబ్బాలో ఏముండాది?" అంది.

"పెరుగన్నం."

"ఆకలేస్తా ఉండాది. పెట్టు. స్పూను వద్దు, చెయ్యితో పెట్టు."

మీనా తన పొట్టు రేగిన చేత్తో పెరుగన్నం కలిపి ఆమె నోట్లో పెట్టింది. ఒక ముద్ద, రెండో ముద్ద. మూడో ముద్దకు ఆ చేతిని పట్టుకుని, వేళ్లకు అంటిన మెతుకులు కూడా తినేసింది. కాసేపటికి ఒక పిల్ల లేచి, "అవ్వా, నాది కూడా" అని డబ్బా తెచ్చింది. ఆ వెనక ఇంకో పిల్ల, ఇంకో పిల్లవాడు. అందరి చేతి ముద్దా తినాల్సి వచ్చింది ఆమెకు. నిమ్మకాయ పులిహోర, ఇడ్లీ, జామ్ రొట్టె, మళ్లీ పెరుగన్నం. ఆ సాయంత్రం గది తలుపులు తెరవలేదు. కడుపునొప్పి అని తర్వాత నాతో మాత్రం చెప్పింది. టీచరు మర్నాడు మీనాను ముందు బెంచీలోకి మార్చింది. ఆమె చెడ్డదేమీ కాదు. తెలియక భయపడింది, నాలాగే.

మీనా పెద్దదవుతున్న కొద్దీ జబ్బు పలచబడింది. ఇప్పుడు దానికి పదహారేళ్లు. వాన ముసురులోనో, పరీక్షల బెంగలోనో ఒకసారి తొంగిచూసి పోతుంది. దానికీ అవ్వకూ కుదిరిన స్నేహంలో నాకు చోటుండేది కాదు. బడి నుంచి వస్తూ మీనా ఆ గదిలో ఆగేది. గోడ మీది నా అట్టను చూసే అది తెలుగు అక్షరాలు నేర్చుకుంది. అది చదివిన మొట్టమొదటి తెలుగు మాట 'తడి'.

ఒకరోజు మీనాయే కనిపెట్టింది, అవ్వ చేతుల సంగతి. ప్రతి బిడ్డను తాకే ముందు, తాకిన తర్వాత ఆమె చేతులు కడుక్కునేది. రోజుకు ఎన్నిసార్లో లెక్కలేదు. వేళ్ల కణుపుల మీద చర్మం చీలి, గీతలు గీతలుగా ఉండేది. ఊరందరికీ పూత చెప్పే మనిషికి తన చేతికి పూసుకునే తీరిక లేదు. మీనా ఆమె చేతిని తిప్పి, వేళ్ల వెనక వైపుతో తడిమి, అచ్చం ఆమె గొంతుతోనే, "ఏంది అవ్వా ఇది? ఎప్పుడు పూయాల?" అంది.

అవ్వ పగలబడి నవ్వింది. "డాక్టరుకు డాక్టరు యాడ దొరుకుతాది బిడ్డా?"

అప్పటి నుంచి మీనా వెళ్లినప్పుడల్లా బల్ల మీది డబ్బా తీసి ఆమె చేతులకు పూసేది. కానీ ఇది వెళ్లేసరికి ఆమె చేతులు కడిగి ఎప్పుడో ఆరిపోయి ఉండేవి. "కడుక్కోగానే నన్ను పిలువు" అని ఇది, "వెలుపల అంతమంది ఉండారే, అందరినీ చూసినాక" అని ఆమె. ఆ బేరం ఏళ్ల తరబడి తెగలేదు. ఒక్కసారైనా తడి మీద పూయాలని దీని పంతం.

గురువారం మేము వెళ్లేసరికి వాకిట్లో టెంటు వేస్తున్నారు. విల్లియనూరు నుంచి బంధువులు అప్పుడే బస్సు దిగి వచ్చారు. వీధి పొడుగునా తల్లులు, వాళ్ల చంకల్లో పిల్లలు. పెరట్లో చీరలు అడ్డం కట్టి స్నానం చేయిస్తున్నారు. ఆమె కోడలు నీళ్లు పోస్తుంటే నేను అవ్వ తలను పట్టుకున్నాను. మీనా నా పక్కనే నిలబడి ఉన్నది, చూస్తుండగానే లోపలికి వెళ్లిపోయింది. తట్టుకోలేకపోయిందనుకున్నాను.

చివరి చెంబు పోశారు. తువ్వాలు తీశారు. మీనా ముందు గదిలోంచి పూత డబ్బా పట్టుకుని పరుగున వచ్చింది. "రుద్దొద్దు, అద్దండి" అంది పెద్దవాళ్లతో. అద్దారు. అది నేల మీద మోకాళ్లు వేసి కూర్చుని, అవ్వ కుడిచేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

ఒక ముసలామె మెల్లగా, "ఇప్పుడెందుకు బిడ్డా?" అంది.

"తడి ఆరకముందే" అంది మీనా.

కణుపులకు పూసింది. చీలిన గీతల్లో పూసింది. వేళ్ల సందులు ఒక్కొక్కటే విప్పి పూసింది. తర్వాత ఎడమ చెయ్యి. కట్టబోయే పట్టుచీర చేతుల్లో పట్టుకుని అవ్వ కోడలు నిలబడే ఉంది. ఎవరూ తొందరపెట్టలేదు. ఇందాకటి ముసలామె గంధం గిన్నె తెచ్చి నుదుటికి పూసింది, పాదాలకు పూసింది. నునుపుగా మెరుస్తున్న ఆ రెండు చేతుల దగ్గరికి వచ్చి ఆగి, వాటిని అలాగే వదిలేసింది.